ఏడాది పదవి, ఇన్‌వార్డు నంబరు

(హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి కొత్తగా ఎన్నికైన ప్రతినిధులకు స్వాగతం పలుకుతూ ఒక విశ్రాంత విశ్వవిద్యాలయ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఈ రోజుతో బాధ్యతలు అప్పగిస్తున్న పాత కార్యవర్గానికి, కొత్తగా ఎన్నికైన ప్రతినిధులకు, పోటీ చేసి ఓడిపోయి కూడా ఈ సాయంత్రం వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న మిత్రులకు నమస్కారం.

గెలిచినవారిని అభినందించే పని మీ స్నేహితులు ఇప్పటికే పూర్తి చేసినట్టున్నారు. డప్పుల ముందు ఎగిరినప్పుడు చల్లుకున్న గులాల్ ఇంకా కొందరి చెవుల వెనక కనిపిస్తోంది. దాన్ని కడుక్కోవడానికి తొందరపడనక్కర్లేదు, సంబరం మీ హక్కు. నేను మాత్రం సంబరం తరవాత వచ్చే సోమవారం గురించి మాట్లాడదామని వచ్చాను.

నేను నాయకుణ్ని కాను, ఆచార్యుణ్ని కూడా కాను. 1984లో ఒక విశ్వవిద్యాలయపు పరిపాలనా భవనంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సెక్షన్ తరవాత సెక్షన్ మారి, అసిస్టెంట్ రిజిస్ట్రారుగా రిటైరైన గుమాస్తాను. మీరు అర్జీ పట్టుకుని వచ్చి నిలబడే బల్లకు అవతలి పక్క మూడు దశాబ్దాలకు పైగా కూర్చున్నాను. ఆ విశ్వవిద్యాలయం ఇది కాదు, దాని పేరుతో మనకు పనీ లేదు. నన్ను పిలవడానికి వచ్చిన మీ మిత్రులు 'మేమిచ్చే అర్జీలు లోపలికి వెళ్లాక ఏమవుతాయో చెప్పండి సార్' అన్నారు. ఇలాంటి సభల్లో వెంకయ్యనాయుడు గారు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారనీ, తరవాత ఉపరాష్ట్రపతి అయ్యారనీ చెప్పి, మీరూ అంతవారు కావాలని దీవించడం ఆనవాయితీ. ఆ దీవెన మరెవరైనా ఇస్తారు. నన్ను అడిగింది అర్జీల గురించి కాబట్టి నేను అర్జీల గురించే చెబుతాను.

అంతకుముందు మీరు నిలబడి ఉన్న నేల గురించి ఒక్క మాట. ఈ విశ్వవిద్యాలయం ఎవరో దాత ఇచ్చిన విరాళంతో పుట్టింది కాదు. 1969లో తెలంగాణ ఉద్యమంలో, 1972లో జై ఆంధ్ర ఉద్యమంలో ముందు వరుసన నిలబడింది విద్యార్థులే. ఆ రెండు ఉద్యమాల వేడి చల్లార్చడానికి 1973 సెప్టెంబరు 21న ప్రకటించిన ఆరు సూత్రాల పథకంలో హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్న మాట చేరింది. దానికోసం రాజ్యాంగానికి 32వ సవరణ చేసి, 371-ఇ అనే అధికరణం చేర్చారు. పార్లమెంటు చట్టం చేశాక 1974 అక్టోబరు 2న, అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లయిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో ఈ సంస్థ మొదలైంది. గచ్చిబౌలి బండల మధ్యకు తరవాత వచ్చింది. ఇదంతా మీకు ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, రోడ్ల మీద నినాదంగా ఉన్నంతకాలం ఆ కోరికకు రూపం లేదు. సూత్రంగా, అధికరణంగా, చట్టంగా కాగితం మీదికి ఎక్కిన తరవాతే అది భవనాలూ హాస్టళ్లూ ఫెలోషిప్పులూ అయింది. ఎక్కించినవారు ఎవరైనా కావచ్చు, ఎక్కేలా చేసింది మాత్రం మీ వయసువారే.

ఇక రెండో సంగతి. మీరు ఈ వారం చేసిన పని, అంటే రహస్య బ్యాలెట్‌తో మీ ప్రతినిధిని మీరే ఎన్నుకోవడం, తెలుగు నేల మీద అరుదైపోయిన పని. రెండు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివరి నుంచి విద్యార్థి సంఘ ఎన్నికలు లేవు. వింత ఏమిటంటే, రాజ్యాంగ 61వ సవరణతో ఓటు హక్కు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగి 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది కూడా ఇంచుమించు అప్పుడే. ప్రధానమంత్రిని దించగల ఓటు చేతికి వచ్చిన కాలంలోనే, హాస్టల్ మెస్ కార్యదర్శిని ఎన్నుకునే ఓటు చేజారింది.

ఎన్నికలు ఆపినప్పుడు చెప్పిన కారణాలు అబద్ధాలని నేననను. కత్తులు చూశాను, బస్సుల అద్దాలు పగలడం చూశాను, నామినేషన్ల రోజున మా భవనం ఇనుప గేటుకు గొలుసు చుట్టుకుని లోపల కూర్చున్నాం. కానీ ఎన్నికైన సంఘం పోయాక ఆఫీసులో ఏం జరిగిందో బయటివారికి తెలియదు. అర్జీలు రావడం ఆగలేదు, గుంపులు రావడమూ ఆగలేదు. ఆగింది జవాబు. జవాబు రాయాలంటే పైన ఒక చిరునామా ఉండాలి. 'ప్రధాన కార్యదర్శి, విద్యార్థి సంఘం' అని రాసేవాళ్లం. ఆ పదవి లేకుండా పోయాక ఎవరికి రాయాలి? నలభైమంది వచ్చి నలభై సంతకాలు పెడితే నలభైమందికీ రాయలేం, మొదటి సంతకం చేసిన కుర్రవాడు పరీక్షలై ఊరెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు మా ఆఫీసు ఒక దారి కనిపెట్టింది. ఎవరు గేటు ముందు బైఠాయిస్తే వారిని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, నోటిమాటగా ఏదో ఒకటి చెప్పి పంపించేవాళ్లం. గేటు మూసే బలం లేనివాడి సమస్య సమస్యగానే లెక్కలోకి రాలేదు. ప్రశాంతత కోసం ఎన్నికలు వద్దనుకున్న చోట చివరికి గలాటాయే ఏకైక చిరునామా అయింది. అందుకే మీ చేతికి వచ్చిన ఈ పదవిని నేను మొదట ఒక చిరునామాగా చూస్తాను. విశ్వవిద్యాలయం జవాబు రాయక తప్పని చిరునామా.

ఇప్పుడు మీ పదవి మీద ఒక గుమాస్తా లెక్క వినండి. మీ ఆయుష్షు ఏడాది. అందులో మొదటి నెల ఊరేగింపులకూ పరిచయాలకూ పోతుంది. పరీక్షలు రెండుసార్లు వస్తాయి, వేసవి సెలవులు వస్తాయి, మళ్లీ ఎన్నికల వేడి మొదలయ్యాక మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. పని చేయడానికి మిగిలేది ఆరేడు నెలలు. బల్లకు అవతల ఉన్నవాడి సర్వీసు ముప్పై ఏళ్లు. ఈ తేడా మీకు తెలియదు గానీ అతనికి బాగా తెలుసు. 'కాదు' అని చెప్పి గొడవ తెచ్చుకోవడం కంటే 'చూద్దాం' అని చెప్పి కాలం గడపడం అతనికి సులువు. నేను ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడ ఇంకా ఎన్నికలు జరుగుతున్న రోజుల్లో, మహిళా హాస్టల్ ప్రతినిధిగా గెలిచిన ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని మా సెక్షన్‌కు వచ్చింది. గ్రంథాలయం రాత్రి ఎనిమిది వరకు ఉంటుంది, ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకే మూస్తారు, గేటు సమయం మార్చాలి అన్నది ఆమె అర్జీ. ఒక పేజీ కూడా లేదు. టప్పాలు, అంటే ఆఫీసుకు వచ్చే కాగితాలు, తీసుకునే అటెండరు దాన్ని ట్రేలో వేయబోతుంటే 'ఇన్‌వార్డు నంబరు వేసి నా కాపీ మీద ముద్ర కొట్టండి' అంది. వచ్చిన కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించి దానికిచ్చే వరస సంఖ్య అది. మా సెక్షన్‌లో విద్యార్థులెవరూ అప్పటిదాకా ఆ మాట అడగలేదు. సూపరింటెండెంటు గారు కళ్లజోడు పైనుంచి చూసి, కొట్టమన్నట్టు తల ఆడించారు.

ఆ అమ్మాయి దగ్గర అట్ట చిరిగిన రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉండేది. ప్రతి సోమవారం మధ్యాహ్నం ల్యాబ్ అయ్యాక వచ్చేది, ఆ నంబరు చెప్పేది, ఫైలు ఎక్కడుందని అడిగేది, నేను చెప్పిన జవాబును నా ముందే తేదీ వేసి రాసుకునేది. 'ఫైలు పైకి వెళ్లిందమ్మా' అని నేను చెప్పిన ఒక సోమవారం ఆ ఫైలు నా మోచేతి కిందే ఉంది. అదీ రాసుకుంది. 'వార్డెన్ గారి అభిప్రాయం కోసం పంపాం' అన్న వారం వార్డెన్ గారి దగ్గరికి వెళ్లి, ఫైలు అక్కడికి రాలేదని ఆమె చేత ఒక చీటీ రాయించి, ఆ చీటీని పుస్తకంలో అతికించింది. మూడు నెలలకు కాబోలు, రిజిస్ట్రారు గారి దగ్గర జరిగిన సమావేశంలో మిగతా ప్రతినిధులు ఆవేశంగా మాట్లాడుతుంటే, తన వంతు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి తేదీల వారీగా చదవడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. నాలుగో తేదీ దగ్గరికి వచ్చేసరికి రిజిస్ట్రారు గారు చేయెత్తి ఆపి, మా సూపరింటెండెంటు వైపు చూశారు. సూపరింటెండెంటు నా వైపు చూశారు. నాకు చూడడానికి గోడ తప్ప ఎవరూ మిగల్లేదు.

అయినా ఉత్తర్వు వచ్చేసరికి ఆ అమ్మాయి పదవీకాలం అయిపోయింది. పుస్తకాన్ని మాత్రం తరవాత గెలిచిన అమ్మాయికి ఇచ్చి వెళ్లింది. కొత్త ప్రతినిధి మొదటి సోమవారమే అదే నంబరు చెబుతూ వచ్చింది. మా ఆఫీసు లెక్క తప్పింది అక్కడ. అప్పటిదాకా ప్రతి ఏడూ కొత్త సంఘం అదే కోరికను కొత్త అర్జీగా తెచ్చేది, మేం కొత్త ఫైలు తెరిచేవాళ్లం, పాత ఫైలుకు ట్యాగు బిగించి బీరువాలో పెట్టేవాళ్లం. ఒకే విషయం మీద అలాంటి ఫైళ్లు అయిదు ఉండడం నేను కళ్లారా చూశాను.

ఇంత చెప్పాక ఫైలు సంగతి కొంచెం వివరిస్తాను, మీకు పనికొస్తుంది. అర్జీ మీద ఎవరైనా అధికారి 'పరిశీలించి పంపండి' అని రాస్తే అది సెక్షన్‌కు వస్తుంది. సెక్షన్‌లో గుమాస్తా నోటు రాస్తాడు. నిబంధన ఏమిటి, ఇంతకుముందు ఇలాంటిది చేశామా, ఖర్చు ఎంత అన్నది ఆ నోటులో ఉంటుంది. నిర్ణయం నూటికి తొంభై పాళ్లు ఆ నోటులోనే తేలిపోతుంది, సంతకం పెట్టే పెద్దలు మీ అర్జీని చదవరు, నోటు చదువుతారు. మీ అర్జీలోనే నిబంధన సంఖ్య, ఇంకో విశ్వవిద్యాలయంలో ఇదే పని చేసిన ఉత్తర్వు నకలు, సుమారు ఖర్చు ఉంటే, గుమాస్తా బద్ధకస్తుడైతే మరీ మంచిది, మీ వాక్యాలనే నోటులోకి ఎత్తి రాసేస్తాడు. ఇక పైనుంచి ఫైలు మీద 'మాట్లాడండి', అంటే వచ్చి నాతో చర్చించండి, అని రాసి దించేస్తే, ఆ మాట్లాడడం ఎప్పటికీ జరగకపోవచ్చు. ఫైలు ఎక్కడుందని అడగడం కంటే 'మాట్లాడండి అని వచ్చిందా' అని అడగండి, సెక్షన్ మొత్తం మీకేసి గౌరవంగా చూస్తుంది.

ఇప్పుడు కాగితాలెక్కడివి సార్, అంతా ఇ-ఆఫీస్ కదా అంటారు. మారింది ట్రే మాత్రమే. మెయిల్ పెట్టామని ఊరుకోకండి. మెయిల్ ఒకరి డబ్బాలో పడి ఉంటుంది, దాన్ని రశీదుగా నమోదు చేసి నంబరు ఇస్తేనే అది ఆఫీసుకు చేరినట్టు. వాట్సాప్‌లో పెద్ద అధికారి బొటనవేలు బొమ్మ పెట్టారని పొంగిపోయి హాస్టల్ గోడ మీద 'సాధించాం' అని పోస్టరు వేసిన సంఘాలున్నాయి. బొటనవేలు ఉత్తర్వు కాదు.

మీ ఎన్నికలకు చట్రంగా ఉన్న లింగ్డో కమిటీ సిఫారసుల గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది. పూర్వ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో నాయకత్వంలోని ఆ కమిటీ 2006 మే నెలలో నివేదిక ఇచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. అభ్యర్థికి అయిదు వేల రూపాయల ఖర్చు పరిమితి, అచ్చువేసిన పోస్టర్ల మీద నిషేధం, ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఖర్చుల లెక్క ఇవ్వడం వంటివి మీకు తెలిసినవే. లెక్కలు ఇంకా ఇవ్వనివారు ఈ రాత్రే కూర్చుని రాసేయండి. నా ఫిర్యాదు వేరే నిబంధన మీద. అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి ఆఫీస్ బేరర్ పదవికి ఒక విద్యార్థి ఒక్కసారి మాత్రమే పోటీ చేయాలి అంది ఆ కమిటీ. వృత్తి నాయకులు పాతుకుపోకూడదన్న ఉద్దేశం మంచిదే. దాని ఫలితంగా మాత్రం పని నేర్చుకున్నవాడు నేర్చుకున్న ఏడాదే దిగిపోతాడు. ఆఫీసుకు జ్ఞాపకం ఉంటుంది, సంఘానికి నియమం ప్రకారమే మతిమరుపు. ఆ మతిమరుపుకు నాకు తెలిసిన మందు ఆ చిరిగిన నోటుపుస్తకం ఒక్కటే.

మీరు ఏయే గుమ్మాలు ఎక్కగలరో కూడా తెలుసుకోండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 నిబంధనల కింద ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, ఫిర్యాదు అందిన పదిహేను పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి, ఆ తీర్పు నచ్చకపోతే పదిహేను రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అందులో విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడు, నామినేట్ అయ్యేవాడే గానీ ఎన్నికయ్యేవాడు కాదు. అది నాకు నచ్చని సంగతి. లైంగిక వేధింపుల మీద విచారించే అంతర్గత కమిటీ విషయంలో 2015 నిబంధనలు అంతకంటే నయం. విద్యార్థులకు సంబంధించిన కేసుల్లో కూర్చునే ముగ్గురు విద్యార్థులు ఎన్నికైనవారే అయి ఉండాలని అవి చెబుతాయి. ఆ కమిటీకి ఎన్నికైనవారు ఈ సభలో ఉంటే ఒక్క మనవి. మిగతా పదవుల్లో బాగా మాట్లాడడం పనికొస్తుంది, మీ పదవిలో నోరు మెదపకుండా ఉండడం పనికొస్తుంది. సమాచార హక్కు చట్టం కూడా ఉంది. పది రూపాయల రుసుముతో ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అయితే పలకరింపుగానే ఆర్టీఐ వేసే సంఘాన్ని ఆఫీసు శత్రువుగా చూస్తుంది. ముందు అడగండి, తరవాత గుర్తుచేయండి, అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే వేయండి.

కాగితం గురించి ఇంత పట్టుబట్టడం గుమాస్తా చాదస్తం అనిపించవచ్చు. ఈ ప్రాంగణంలోనే మీ కళ్ల ముందు జరిగింది గుర్తుచేసుకోండి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను 2003-04లో అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు కేటాయించింది, 2006లో రద్దు చేసింది, ఆ వ్యాజ్యం కోర్టుల్లో నలిగి 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. 2025 మార్చి చివర యంత్రాలు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది. ఎవరి వాదన న్యాయమో తేల్చడం ఈ వేదిక పని కాదు, నా పని అంతకన్నా కాదు. నేను గమనించింది ఒకటే. ఆ రోజుల్లో అందరూ వెతికింది 2004 నాటి కాగితాల కోసం. అప్పుడు ఎవరు ఏం ఒప్పుకున్నారు, హద్దులు ఎక్కడ, ఆ 400 ఎకరాలకు బదులుగా విశ్వవిద్యాలయానికి గోపనపల్లిలో చూపిన భూమి సంగతేమిటి అని. 2004లో ఇక్కడ చదువుకున్నవారు అప్పటికి పిల్లల తల్లిదండ్రులయ్యారు. మరోవైపు, ఆ నేలలో ఏం బతుకుతోందో చెప్పవలసి వచ్చినప్పుడు పనికొచ్చినవాటిలో విద్యార్థులు ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి తిరిగి రాసిపెట్టుకున్న పక్షుల జాబితాలూ ఉన్నాయి. వాటిని రాసినప్పుడు ఎవరూ కోర్టును ఊహించి రాయలేదు.

ఎవరి తరఫున రాస్తారన్నది కూడా చూసుకోండి. మీకు ఓటేసినవారి కోరికలు మీ గదికి వాటంతట అవే వస్తాయి. వేయనివారు రారు. ఇది అనేక రాష్ట్రాల పిల్లలు చదివే చోటు కావడం వల్ల, సమావేశాల్లో ఇంగ్లీషు గడగడా వచ్చినవారే సంఘానికి గొంతవుతారు. ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చి, మొదటి సెమిస్టరులో మెస్ బిల్లు కట్టలేక పూట మానేసిన పిల్లవాడికి ఆ బిల్లు గురించి మీ అందరికంటే ఎక్కువ తెలుసు. అతణ్ని తెలుగులోనే రాయమనండి. దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని మీది, కింద సంతకం అతనిది. నెట్ పరీక్ష పాసవని పరిశోధక విద్యార్థులకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్‌ను 2015లో ఆపేయాలని యూజీసీ నిర్ణయించినప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు రోడ్డెక్కారు, ఆ ఫెలోషిప్ నిలిచింది. నెలకు ఎనిమిది వేల రూపాయలు కొందరికి చేతిఖర్చు, కొందరికి ఇంటికి పంపే డబ్బు. ఈ రెండో రకం వారి లెక్కలు అర్జీలో పడితే దాని బరువే వేరు.

ఓడిపోయిన మిత్రులకు నా సలహా చిన్నది. గెలిచినవారు ఇచ్చిన ప్రతి అర్జీ నంబరూ నోటీసు బోర్డులో పెట్టమని అడగండి. పెట్టకపోతే మళ్లీ అడగండి. ప్రతిపక్షం చేయగల మేలు అంతకంటే పెద్దది నాకు కనిపించలేదు.

నా ప్రసంగం తరవాత ప్రమాణ స్వీకారం ఉందని కార్యక్రమ పత్రంలో చూశాను. ప్రమాణానికి ముందు ఒక చిన్న మార్పుకు నిర్వాహకులు ఒప్పుకున్నారు. పాత ప్రధాన కార్యదర్శి చేతిలో ఉన్న ఆ ఖాకీ కవరులో నిరుడు ఇచ్చిన అర్జీల నకళ్లున్నాయి. జవాబు వచ్చినవి పైన, రానివి కింద ఉన్నాయట, కిందివే ఎక్కువ అని ఇందాక నవ్వుతూ చెప్పారు. కొత్త ప్రధాన కార్యదర్శి ఇలా వేదిక మీదికి రండి. ఇక్కడే కూర్చుని పుటలు లెక్కపెట్టండి, నంబర్లు సరిచూసుకోండి, రెండు కాపీల మీద సంతకం చేసి ఒకటి ఆయనకు ఇవ్వండి. అంతవరకు మేమంతా ఆగుతాం.